ప్రశ్నల వరదలో యుపిఐ: లోపం తూములోనా, ఆయకట్టులోనా?

2025 ఏప్రిల్ 12వ తేదీ శనివారం ఉదయం పదకొండున్నర గంటలు దాటిన కొద్దిసేపటికి దేశవ్యాప్తంగా యుపిఐ చెల్లింపులు తడబడడం ఆరంభమైంది. సాయంత్రం నాలుగున్నర దాటేవరకు, అనగా దాదాపు ఐదు గంటలపాటు, చెల్లింపులు విజయవంతమయ్యే శాతం సుమారు యాభైకి దిగజారింది. జేబులో నగదు ఉంచుకునే అలవాటును ఎన్నడో వదులుకున్న జనం పెట్రోలు బంకుల వద్ద, మందుల దుకాణాల వద్ద, హోటళ్ల గల్లాపెట్టెల వద్ద దిక్కులు చూస్తూ నిలబడవలసి వచ్చింది. ఇది మొదటి అంతరాయం కాదు. మార్చి 26 సాయంత్రం ఒకసారి, ఆర్థిక సంవత్సరం ముగిసిన మార్చి 31న మరొకసారి, ఏప్రిల్ 2న ఇంకొకసారి ఇదే అనుభవం ఎదురైంది. మూడు వారాలు తిరగకుండానే నాలుగు పర్యాయాలు ఒక జాతీయ వ్యవస్థ తొట్రుపడడం ఉపేక్షించదగిన విషయం కాదు.

కారణం తెలిసిన తరువాత ఆశ్చర్యం మరింత పెరిగింది. విదేశీ ముష్కరులెవరూ కంప్యూటర్లపై దాడి చేయలేదు. యంత్రాలు కాలిపోలేదు. చెల్లింపుల సంఖ్య ఒక్కసారిగా ఇబ్బడిముబ్బడి కాలేదు. యుపిఐని నిర్వహించే భారత జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పిసిఐ) జరిపిన పరిశీలనలో తేలిందేమంటే, ‘నేను పంపిన సొమ్ము ఏమైంది?’ అనే ఒకే ఒక ప్రశ్న వరదలా వచ్చిపడడంతో కేంద్ర వ్యవస్థ ఊపిరాడక కుంగిపోయింది. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ఎప్పుడో జరిగిపోయిన పాత లావాదేవీల గురించి సైతం అడిగిందే అడుగుతూ పోయాయి. డబ్బు పంపడానికి వచ్చినవారికి దారి లేకుండా, డబ్బు సంగతి విచారించడానికి వచ్చినవారితో వాకిలి నిండిపోయిందన్నమాట.

ఈ వైపరీత్యం అర్థం కావాలంటే ఒక చెల్లింపు వెనుక జరిగే తతంగాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. వినియోగదారుడి చేతిలోని ఫోనులో కనిపించే యాప్ వద్ద సొమ్మూ ఉండదు, ఖాతా లెక్కా ఉండదు. అది కేవలం ఒక కిటికీ. ఫోన్‌పే, గూగుల్ పే వంటి సంస్థలకు ఎన్‌పిసిఐతో నేరుగా సంబంధం ఉండదు. ఏదో ఒక బ్యాంకును ఆసరాగా చేసుకుని ఆ బ్యాంకు ద్వారానే అవి వ్యవస్థలోకి ప్రవేశించాలి. కూరగాయల బండి వద్ద నలభై రూపాయలు చెల్లించిన క్షణంలో యాప్ తన ఆసరా బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు ఎన్‌పిసిఐని అడుగుతుంది. ఎన్‌పిసిఐ చెల్లించేవాని బ్యాంకును అడిగి సొమ్ము తగ్గింపజేస్తుంది. ఆపైన పుచ్చుకునేవాని బ్యాంకును అడిగి సొమ్ము జమ చేయిస్తుంది. తిరిగి అదే దారిలో సమాధానం వెనక్కి ప్రయాణిస్తుంది. ఒక కంప్యూటర్ మరొక కంప్యూటర్‌ను ఇలా ప్రశ్నించడానికి ఏర్పరచిన నిర్ణీత ద్వారాన్నే సాంకేతిక పరిభాషలో ‘ఏపీఐ’ అంటారు. ప్రశ్న ఏ రూపంలో ఉండాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది, ఎంతసేపు వేచి ఉండాలి అనే ఒడంబడిక ముందే ఉంటుంది.

చిక్కంతా ఆ మూడవ అంశం వద్దనే వస్తుంది. జవాబు రావలసిన గడువులోగా రాకపోతే అడిగిన కంప్యూటర్‌కు రెండే ఊహలు మిగులుతాయి: పని జరగలేదు, లేదా పని జరిగినా కబురు దారిలో చిక్కుకుంది. మొదటి ఊహను నమ్మి మళ్లీ సొమ్ము పంపితే ఖాతాలో రెండుసార్లు కోత పడవచ్చు. రెండవ ఊహను నమ్మి ఊరుకుంటే దుకాణదారుడు మునగవచ్చు. కనుక బ్యాంకు ‘స్థితి ఏమిటి?’ అని విచారిస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. నిజానికి అది బాధ్యత కూడా. ఖాతాలో కోత పడి అవతలివానికి జమ కాని పక్షంలో మరుసటి రోజు ముగిసేలోగా సొమ్మును వాపసు చేయాలని, దుకాణాలకు చేసిన చెల్లింపులైతే ఐదు రోజుల్లోగా తేల్చాలని, గడువు మీరితే రోజుకు వంద రూపాయల వంతున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే ఆదేశించింది. జవాబు లేనప్పుడు బ్యాంకు ఆత్రపడడానికి ఇదీ ఒక కారణమని గ్రహించాలి.

అయితే ఎప్పుడు అడగాలి, ఎన్నిసార్లు అడగాలి అన్నదే ప్రధానం. అవతలి వ్యవస్థ అలసి జవాబు ఆలస్యం చేస్తున్నప్పుడు అడిగేవారంతా క్షణం ఆగకుండా తిరిగి అడిగితే దాని భారం రెట్టింపవుతుంది. భారం పెరిగిన కొద్దీ జవాబు మరింత ఆలస్యమవుతుంది. ఆలస్యమైన కొద్దీ మళ్లీ ప్రశ్నలు. లక్ష లావాదేవీలు తేలకుండా నిలిచిపోయి, ఒక్కొక్కదాని గురించి పదేసిసార్లు అడిగితే పది లక్షల ప్రశ్నలు అదనంగా వచ్చి పడతాయి. గోరుచుట్టుపై రోకటిపోటు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు ఈ ప్రమాదాన్ని దశాబ్దాలుగా ఎరుగుదురు. మొదటిసారి జవాబు రాకపోతే కొంతసేపు ఆగాలి. రెండవసారి అంతకు రెట్టింపు సేపు ఆగాలి. ఇన్నిసార్లకు మించి అడగరాదని హద్దు పెట్టుకోవాలి. ఒకసారి తెలిసిన జవాబును తన వద్ద భద్రపరచుకుని దానినే వాడుకోవాలి. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలోని మొదటి పాఠాలు. కోట్లాది ఖాతాలున్న బ్యాంకుల కంప్యూటర్ విభాగాలు వాటిని పాటించలేదన్నదే విచారకరం.

చెరువు కింది ఆయకట్టు రైతులకు ఈ న్యాయం బాగా తెలుసు. తూము ఒక్కటే, మళ్లు అనేకం. ఎవరి వంతు ఎప్పుడో నీరుకట్టు నిర్ణయిస్తాడు. వంతు లేనివాడు కూడా అర్ధరాత్రి పార పట్టుకుని తూము వద్ద నిలబడితే చివరి మడికి నీరు చేరదు. ఏప్రిల్ 12న జరిగింది అదే. తూము ఇరుకై కాదు, తూము వద్ద గుమికూడినవారు వంతు మరిచినందువల్ల నీరు ఆగింది. అయితే వంతు మరిచినవారిని ఆపవలసిన నీరుకట్టు ఆ సమయంలో ఏం చేస్తున్నాడన్న ప్రశ్న కూడా వస్తుంది. ఒక బ్యాంకు నుంచి వచ్చే ప్రశ్నలు హద్దు మీరినప్పుడు వాటిని వాకిట్లోనే నిలిపివేసే ఏర్పాటు కేంద్ర వ్యవస్థలో ఉండి తీరాలి. ఆ బాధ్యతను పూర్తిగా బ్యాంకుల మంచితనానికి వదిలివేయడంలో ఎన్‌పిసిఐ పొరపాటు ఉన్నదనక తప్పదు.

తరువాత దిద్దుబాటు చర్యలు త్వరితంగానే జరిగాయి. ఒక లావాదేవీ స్థితిని గరిష్ఠంగా మూడుసార్లు మాత్రమే, అదీ రెండు గంటల వ్యవధిలోనే విచారించాలని ఏప్రిల్ నెలాఖరులో బ్యాంకులకు సూచన వెళ్లింది. చెల్లింపుకు జవాబిచ్చే గడువును 30 సెకన్ల నుంచి 15 సెకన్లకు, స్థితి విచారణకు జవాబిచ్చే గడువును 30 నుంచి 10 సెకన్లకు కుదించి 2025 జూన్ 16 నుంచి అమలులోకి తెచ్చారు. మే నెల 21న మరొక ఉత్తర్వు వెలువడింది. దాని ప్రకారం ఒక వినియోగదారుడు ఒక యాప్‌లో ఇరవై నాలుగు గంటలలో 50 పర్యాయాలకు మించి ఖాతా నిల్వ చూసుకోరాదు. తన ఫోను నంబరుకు జతపడిన ఖాతాల పట్టికను 25 పర్యాయాలకు మించి కోరరాదు. వాయిదాలు, చందాల వంటి స్వయంచాలిత చెల్లింపులను రద్దీ వేళలైన ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర వరకు నడపరాదు. ప్రతి చెల్లింపు పూర్తయిన వెంటనే మిగిలిన నిల్వను బ్యాంకే తెలియజేయాలి. ఇవన్నీ ఆగస్టు మొదటి తేదీ నాటికి ఆచరణలోకి రావాలని నిర్దేశించారు. ఉల్లంఘించిన సభ్యులపై ఏపీఐ ఆంక్షలు, జరిమానా, కొత్త వినియోగదారులను చేర్చుకోకుండా నిలిపివేత వంటి చర్యలు ఉంటాయని హెచ్చరించారు.

వీటిలో పత్రికల పతాక శీర్షికలకు ఎక్కింది నిల్వ చూసుకునే పరిమితి. తమ స్వేచ్ఛపై ఆంక్ష పడిందని పలువురు భావించారు. రోజుకు యాభైసార్లు ఖాతా తరచి చూసుకునే గృహస్థు ఉంటే అతడి ఆందోళనకు మందు వేరే ఉంది; ఆ సంగతి అటుంచితే, సామాన్యునికి ఈ నిబంధన వల్ల వచ్చిన నష్టం లేదు. అసలు ఉద్దేశం మనుషుల వేళ్లను ఆపడం కాదు. వినియోగదారుడు కోరకుండానే యాప్‌లు తెర వెనుక తమంతట తాము పంపే ప్రశ్నలను అదుపు చేయడమే. రద్దీ వేళల్లో అటువంటి ప్రశ్నలకు కళ్లెం వేయాలన్న నిబంధన ఉత్తర్వులో స్పష్టంగానే ఉంది. ఉత్తర్వులోని అత్యుత్తమ అంశం మాత్రం ఎవరి దృష్టినీ అంతగా ఆకర్షించలేదు. అది చెల్లింపు ముగియగానే నిల్వను బ్యాంకే చెప్పాలన్న నియమం. అడగకముందే చెబితే అడిగే పనే ఉండదు. సజీవ సమాచారాన్ని అందించే వ్యవస్థలన్నింటికీ వర్తించే సూత్రమిది. పది మంది పదే పదే తలుపు తట్టే బదులు, వార్త ఉన్నప్పుడు ఇంటివాడే బయటికి వచ్చి చెప్పడం ఉభయతారకం.

ఇటువంటి వ్యవస్థలను ముందుచూపు లేకుండా ప్రజల ముందుంచితే ఏమవుతుందో నాలుగేళ్ల ముందే దేశం చూసింది. 2021 ఏప్రిల్ 28న పద్దెనిమిదేళ్లు నిండినవారికి కోవిడ్ టీకా నమోదు ఆరంభమైనప్పుడు తొలి రోజునే కోటి ముప్ఫై లక్షలకు పైగా కోవిన్ పోర్టల్‌లో పేర్లు నమోదు చేసుకున్నారు. టీకాలు కొద్ది, ఎదురుచూసేవారు కొల్లలు. ఏ కేంద్రంలో ఎన్ని ఖాళీలున్నాయో తెలిపే సమాచారాన్ని కేంద్ర ప్రభుత్వం బహిరంగ ఏపీఐ ద్వారా అందరికీ అందుబాటులో ఉంచింది. ఉద్దేశం మంచిదే. ఔత్సాహికులైన ప్రోగ్రామర్లు రాత్రికి రాత్రి వెబ్‌సైట్లు నిర్మించి, ఖాళీ కనిపించగానే టెలిగ్రామ్ ద్వారా వేలాది మందికి కబురు పంపే ఏర్పాట్లు చేశారు. కొందరు మరో అడుగు ముందుకు వేసి, ఖాళీ కనిపించిన మరుక్షణం తమ పేరు తామే నమోదు చేసుకునే ప్రోగ్రామ్‌లు రాసుకున్నారు. బెంగళూరు, హైదరాబాద్ వంటి నగరాల యువకులు పొరుగు జిల్లాల పల్లె కేంద్రాలలోని టీకాలను తమ గదుల్లో కూర్చునే దక్కించుకుని, కార్లలో వెళ్లి వేయించుకు వచ్చారు. ఆ పల్లెవాసులు మాత్రం తమ ఊరి ఆరోగ్య కేంద్రంలో తమకే చోటు లేని వింతను చూశారు.

ప్రభుత్వం హడావిడిగా కళ్లెం వేసింది. ఒక చిరునామా నుంచి ఐదు నిమిషాలకు వంద ప్రశ్నలకు మించరాదన్నది. బయటివారికి ఇచ్చే ఖాళీల సమాచారం అరగంట వరకు పాతది కావచ్చునని ప్రకటించింది. అరగంట పాతదైన ఖాళీల పట్టిక క్షణాలలో నిండిపోయే టీకా కేంద్రాల విషయంలో ఎవరికి పనికి వస్తుంది? సమాచారం ఉన్నట్టే ఉంటుంది, అక్కరకు రాదు. అదే సంవత్సరం మే 31న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పోర్టల్‌పైనే ఆధారపడిన టీకా విధానంలోని డిజిటల్ అంతరాన్ని తీవ్రంగా ఎత్తిచూపింది. అంతకు వారం ముందే ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడ నమోదుకు కేంద్రం అంగీకరించింది. పోర్టల్ తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో చదువుకునే వీలు కలిగింది మాత్రం జూన్‌లోనే. టీకా కోసం అందరికంటే ఎక్కువగా తహతహలాడిన రెండవ ఉద్ధృతి అప్పటికి తగ్గుముఖం పట్టింది.

ఎవరు ముందు చూస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు స్టాక్ మార్కెట్ ఉదంతాన్ని స్మరించక తప్పదు. జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో ధరల సమాచారాన్ని బ్రోకర్ల సర్వర్లకు ఒకరి తరువాత ఒకరికి వరుసగా పంపే పద్ధతి ఒకప్పుడు ఉండేది. పొద్దున్నే ముందుగా అనుసంధానమైన సర్వర్‌కు ధర ముందుగా తెలిసేది. తేడా రెప్పపాటులో వెయ్యో వంతైనా, యంత్రాలు బేరమాడే చోట అదే లాభనష్టాలను నిర్ణయిస్తుంది. 2014లో అందరికీ ఏకకాలంలో పంపే పద్ధతికి మారారు. 2019 ఏప్రిల్ 30న సెబీ ఆ ఎక్స్ఛేంజిని 624.89 కోట్ల రూపాయలు వడ్డీతో సహా కక్కించేందుకు ఆదేశించగా, 2023 జనవరిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని కొట్టివేసి, తగిన జాగ్రత్త వహించనందుకు వంద కోట్లు చెల్లించమన్నది. అక్రమార్జన ఎంతన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నా, సమాచారాన్ని పంచే వరుసక్రమమే ఒక ఆర్థిక నిర్ణయమన్న సంగతి ఆ వివాదంతో రుజువైంది.

వీటన్నింటికంటే దీనమైనది చౌకధరల దుకాణం ముందు నిలబడిన పేదవాని పరిస్థితి. అక్కడి ఈ-పాస్ యంత్రం వేలిముద్రను ఆధార్ కేంద్ర భాండాగారానికి పంపి, ‘అవును’ అన్న జవాబు వచ్చిన తరువాతనే బియ్యం తూకానికి అనుమతిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లా ఈ పద్ధతికి తొలి ప్రయోగశాలలలో ఒకటి. 2016-17 ఆర్థిక సర్వే స్వయంగా ప్రస్తావించిన అంచనాల ప్రకారం ధ్రువీకరణ వైఫల్యాలు జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37 శాతం, గుజరాత్‌లో 6 శాతం, కృష్ణా జిల్లాలో 5 శాతం. వీటిలో అరిగిపోయిన వేలిముద్రల వాటా ఉంది, అందని సిగ్నల్ వాటా ఉంది, ఎక్కడో దూరాన జవాబివ్వని కంప్యూటర్ వాటా కూడా ఉంది. కృష్ణాలో ఐదు శాతమే కదా అని సరిపెట్టుకోవడానికి వీలులేదు. నూరు కుటుంబాలలో ఐదింటికి ఆ పూట రిక్తహస్తాలే. యుపిఐ ఆగితే మధ్యతరగతి మనిషి పక్కనున్న ఏటీఎం కోసం వెతుక్కుంటాడు. యంత్రం ‘కాదు’ అంటే కూలి మానుకుని వచ్చిన ముదుసలికి మరో దుకాణం లేదు. యంత్రం మూగబోయినప్పుడు చేతివ్రాత పద్దులోనైనా సరుకు ఇచ్చే అధికారం డీలరుకు ఉండాలన్న వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది. కొన్నిచోట్ల అటువంటి వెసులుబాటు నిబంధనలలో ఉన్నా, దుర్వినియోగం చేశారన్న నింద భయంతో దానిని వాడడానికి డీలర్లు వెనుకాడుతారు.

యుపిఐ విషయానికి తిరిగి వస్తే, ఉత్తర్వులతో తీరని చిక్కు ఒకటి మిగిలి ఉంది. ఈ ఏర్పాటు ఖర్చును ఎవరు భరించాలి? 2020 జనవరి నుంచి యుపిఐ చెల్లింపులపై దుకాణదారుల వద్ద రుసుము వసూలు చేయరాదన్నది కేంద్ర ప్రభుత్వ విధానం. దానికి ప్రతిగా బ్యాంకులకు ప్రోత్సాహకం కింద 2024-25కు 1,500 కోట్ల రూపాయలను కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఇంత పెద్ద రద్దీకి ఇది చాలదని చెల్లింపుల పరిశ్రమ మొరపెట్టుకుంటోంది. వ్యవస్థ నిర్వహణకయ్యే ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా సైతం 2025 జూలైలో వ్యాఖ్యానించారు. లాభం రాని పనిపై బ్యాంకులు ఉత్తమ ప్రోగ్రామర్లను వినియోగించవు. పాత లావాదేవీల గురించి విసుగూ విరామం లేకుండా అడిగే లోపభూయిష్ఠమైన ప్రోగ్రామ్‌లు నెలల తరబడి అలాగే మిగిలిపోవడానికి ఈ నిరాసక్తత కూడా దోహదం చేసి ఉండవచ్చు. కూరగాయల బండివాని నుంచి పైసలు రాబట్టమని దీని అర్థం కాదు. పెద్ద వ్యాపార సంస్థల నుంచి స్వల్ప రుసుము తీసుకోవడంలో అన్యాయమేమీ కనిపించదు.

కేంద్రీకరణ మరొక సమస్య. తూము ఒక్కటే అనుకున్నాం. కాలువలు కూడా రెండే. 2025లో యుపిఐ లావాదేవీలలో ఫోన్‌పే, గూగుల్ పేల వాటా కలిపి నూటికి ఎనభై దాటింది. ఏ యాప్ వాటా 30 శాతం మించరాదన్న నిబంధన 2020లోనే పుట్టినా, దాని అమలు గడువును మళ్లీ మళ్లీ పెంచి 2026 డిసెంబర్ 31కి చేర్చారు. ఎన్‌పిసిఐకి పోటీగా మరో చెల్లింపుల సంస్థను నెలకొల్పాలని 2020లో రిజర్వు బ్యాంకు దరఖాస్తులు ఆహ్వానించింది గాని అది కార్యరూపం దాల్చలేదు. భూటాన్ 2021లో, శ్రీలంక 2024 ఫిబ్రవరిలో యుపిఐకి ద్వారాలు తెరిచాయి. మన యాత్రికుడు థింపూలోనో కొలంబోలోనో కోడ్ స్కాన్ చేసినప్పుడు సైతం కోత పడవలసింది మన బ్యాంకు ఖాతాలోనే గనుక, ఇక్కడి అలసట అక్కడి దుకాణదారునికీ తెలిసిపోతుంది.

రాష్ట్ర ప్రభుత్వాలు కూడా ఇప్పుడు ఇదే బాటన నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించింది. ధ్రువపత్రాలు, కరెంటు బిల్లులు, దేవాలయ సేవలు అన్నీ ఒకే కిటికీలో దొరుకుతాయి. పౌరునికి కనిపించేది ఒక్క కిటికీయే అయినా దాని వెనుక ఎన్నో శాఖల కంప్యూటర్లు ఉంటాయి. రెవెన్యూ శాఖ యంత్రం జవాబివ్వని రోజున పౌరునికి ‘దరఖాస్తు అందింది, జవాబు రాలేదు’ అని స్పష్టంగా చెబుతారా, లేక ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అంటారా? రెండవదే అయితే ప్రతి పౌరుడూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. ఏప్రిల్ 12న బ్యాంకుల కంప్యూటర్లు చేసిన పనినే తానూ చేస్తాడు.

2025 మార్చిలో 1,830 కోట్లుగా ఉన్న యుపిఐ లావాదేవీలు ఆగస్టులో తొలిసారిగా 2,000 కోట్లు దాటాయి. కొత్త నిబంధనలు అమలులోకి వచ్చిన మొదటి నెల అదే. బ్యాంకులు తమ కంప్యూటర్ వ్యవస్థలను ప్రభుత్వ గుర్తింపు పొందిన తనిఖీదారులచే ఏటా పరీక్షింపజేయాలని, తొలి నివేదికను 2025 ఆగస్టు 31లోగా సమర్పించాలని మే ఉత్తర్వు నిర్దేశించింది. ఏ బ్యాంకు వల్ల ఎన్ని చెల్లింపులు సాంకేతిక కారణాలతో తిరస్కరణకు గురయ్యాయో ఎన్‌పిసిఐ ఇప్పటికే నెలనెలా ప్రకటిస్తోంది. ఏ బ్యాంకు ఎన్ని అనవసరపు ప్రశ్నలు వేసిందన్న లెక్కను కూడా ఆ పట్టికలో చేర్చితే, ఏప్రిల్ 12న ఐదు గంటలపాటు తూముకు అడ్డుపడిన బ్యాంకులేవో ఖాతాదారులకు తెలిసి ఉండేది.